గొర్రె దొంగ కేసు, ఐదు పుస్తకాలు: చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ మీద ఒక వకీలు సమీక్ష

ప్రాచీన చైనా తత్వవేత్తలు కన్ఫ్యూషియస్‌ని, లావోజిని, జువాంగ్‌జిని చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నేను పుస్తకం పేరు చెప్పను. పాత చైనీస్ గ్రంథాలన్నీ ఒకచోట పెట్టిన చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ అనే వెబ్‌సైటు పేరు చెబుతాను. చదవడానికి పైసా కట్టక్కర్లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. ఫోన్లోనూ తెరుచుకుంటుంది గానీ పెద్ద తెర మీద చూస్తేనే దాని సత్తా తెలుస్తుంది. నేను తెనాలిలో సివిల్ కేసులు చూసుకునే వకీలుని. చైనీస్ మాట్లాడటం రాదు. పాత చైనీస్ అక్షరాలు కొన్ని గుర్తుపడతాను, మిగతాదంతా నిఘంటువు సాయమే. అయినా సాయంత్రం క్లయింట్లు వెళ్ళిపోయాక ఆఫీసు కంప్యూటర్ మీద నేను ఎక్కువగా తెరిచేది ఈ సైటునే. అది చేసే పని ఇంకే పుస్తకమూ చేయలేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎలా కుదిరిందో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

ముందు సంగతులు క్లుప్తంగా. డొనాల్డ్ స్టర్జన్ అనే ఆయన 2005లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ శాఖలో పనిచేస్తాడు. అంటే తత్వశాస్త్రం మీద ప్రేమా, ప్రోగ్రాములు రాసే చెయ్యీ ఒకే మనిషిలో కుదిరాయి. సైటు చెప్పుకునే లెక్క ప్రకారం ఇందులో ముప్ఫై వేలకు పైగా పాత గ్రంథాలు, 500 కోట్లకు పైగా అక్షరాలు ఉన్నాయి. ఆ అంకె చూసి హడలిపోనక్కర్లేదు. మనలాంటి పాఠకులకు కావలసింది అందులో ఒక చిన్న మూల: చిన్ వంశానికి ముందు కాలం, హాన్ కాలం పుస్తకాల విభాగం. అంటే సుమారుగా కన్ఫ్యూషియస్ పుట్టిన క్రీ.పూ. 551 నుంచి హాన్ సామ్రాజ్యం ముగిసిన క్రీ.శ. 220 దాకా. చైనా ఆలోచనలో పెద్ద తగాదాలన్నీ మొదలైంది ఆ కాలంలోనే.

ఎడమ పక్క జాబితాలో పుస్తకాలను సంప్రదాయాల వారీగా పేర్చారు. కన్ఫ్యూషియస్ వర్గం ఒకటి, అందరినీ సమానంగా ప్రేమించాలన్న మోజి వర్గం ఒకటి, లావోజి, జువాంగ్‌జిల దావో వర్గం ఒకటి, చట్టమే సర్వస్వం అన్న లీగలిస్టులు ఒకటి. తెల్ల గుర్రం గుర్రం కాదని వాదించిన గోంగ్‌సున్ లోంగ్ లాంటి తార్కికులకు ఒకటి, సున్‌జి లాంటి యుద్ధతంత్రం వాళ్ళకు ఒకటి. చరిత్రలు, గణితం, వైద్యం వేరు. పుస్తకం పేరు నొక్కితే అధ్యాయాలు, అధ్యాయం నొక్కితే పేరాలు. పేరా పేరాకీ చైనీస్ మూలం, అనువాదం ఉన్న పుస్తకాల్లో దాని వెంటే ఇంగ్లీషు. పేరా పక్కన చిన్న చిన్న గుర్తులుంటాయి. ఒకటి నొక్కితే ఆ పేరా నిఘంటువులో తెరుచుకుంటుంది: ఒక్కో అక్షరానికి పలుకు, అర్థాలు, ఆ అర్థంలో వాడిన పాత పుస్తకాల ఉదాహరణలు వరసగా వస్తాయి. ఇంకో గుర్తు నొక్కితే ఆ పేరాలో మాటలు వేరే ఏ పుస్తకాల్లో అలాగే, లేదా కాస్త అటూ ఇటూగా ఉన్నాయో చూపిస్తుంది. నాకు ఈ సైటు మీద ఇంత ప్రేమ పుట్టించింది ఈ రెండో గుర్తూ, మాటలు వెతికే పెట్టే.

ఇంగ్లీషు అనువాదాల్లో ముఖ్యమైనవి చాలావరకు జేమ్స్ లెగ్‌వి. స్కాట్లండ్ నుంచి మతప్రచారానికి హాంకాంగ్ వచ్చి, కన్ఫ్యూషియన్ గ్రంథాలను 1861 నుంచి ఒక్కొక్కటీ అచ్చువేసి, 1876లో ఆక్స్‌ఫర్డ్‌లో మొట్టమొదటి చైనీస్ ఆచార్యుడైన పండితుడు. ఉపనిషత్తులను ఇంగ్లీషులోకి తెచ్చిన మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో 50 సంపుటాల ప్రాచ్య పవిత్ర గ్రంథమాల ఒకటి వచ్చింది కదా, అందులో చైనా సంపుటాలు చేసింది లెగ్గే. లావోజి పేరు మీదున్న దావోదేజింగ్, జువాంగ్‌జి పుస్తకం 1891లో ఆ మాలలోనే వచ్చాయి. మోజికి మెయ్ అనువాదం, సున్‌జికి 1910 నాటి లయొనెల్ జైల్స్ అనువాదం ఇచ్చారు. కాపీరైటు గొడవ లేని పాతవి ఎంచుకున్నారని తెలిసిపోతూనే ఉంటుంది. దాని లాభనష్టాలు తర్వాత చెబుతాను.

ఇప్పుడు ఉదాహరణ. లున్యు, అంటే కన్ఫ్యూషియస్ సంభాషణల పుస్తకం, 13వ అధ్యాయం, 18వ పేరా. దక్షిణాదిన చూ రాజ్యంలో షె అనే చోటికి అధిపతి కన్ఫ్యూషియస్‌తో గొప్పగా అంటాడు: "మా ఊళ్ళో ఒక నిక్కచ్చి మనిషి ఉన్నాడు. తండ్రి గొర్రెను కాజేస్తే కొడుకై ఉండి సాక్ష్యం చెప్పాడు." కన్ఫ్యూషియస్ జవాబు: "మా ఊళ్ళో నిక్కచ్చి మనుషులు వేరేగా ఉంటారు. కొడుకు కోసం తండ్రి దాస్తాడు, తండ్రి కోసం కొడుకు దాస్తాడు. నిక్కచ్చితనం అందులోనే ఉంది."

అంతే. రెండు వాక్యాల ప్రశ్న, మూడు వాక్యాల జవాబు. అచ్చు పుస్తకంలో చదివితే ఇక్కడితో అయిపోతుంది. కన్ఫ్యూషియస్ కుటుంబానికి పెద్దపీట వేశాడు అనుకుని 19వ పేరాకి వెళ్ళిపోతాం. నేను వెళ్ళలేకపోయాను. తండ్రి మీద కొడుకు, అన్న మీద తమ్ముడు బోనెక్కడం కోర్టు హాల్లో రోజూ చూస్తుంటాను. ఆ చైనీస్ పేరాలోంచి ఆ నిక్కచ్చి మనిషిని సూచించే రెండక్షరాలు కాపీ చేసి, వెతికే పెట్టెలో అతికించి, ఆ కాలం పుస్తకాలన్నింట్లో వెతకమన్నాను. అక్షరాలు టైపు చేయడం రాకపోయినా ఈ పద్ధతిలో పని జరిగిపోతుంది, కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

లున్యుతో కలిపి ఐదు పుస్తకాల్లో దొరికాడు ఆ కొడుకు. జి గోంగ్ అని పేరు కూడా పెట్టేశారు.

లీగలిస్టుల్లో అందరికంటే పదునైనవాడు హాన్ ఫే. క్రీ.పూ. 233లో చిన్ రాజ్యం చెరలో చనిపోయాడు. ఆయన పుస్తకం హాన్‌ఫేజి 49వ అధ్యాయంలో కథ ఇలా ఉంది: చూ రాజ్యంలో జి గోంగ్ తండ్రి గొర్రెను దొంగిలించాడు. కొడుకు వెళ్ళి అధికారికి చెప్పాడు. మంత్రి ఏమన్నాడు? "ఈ కొడుకుని చంపండి." రాజు పట్ల నిక్కచ్చి, తండ్రి పట్ల వంకర అని శిక్ష వేశాడు. ఆ వెంటనే హాన్ ఫే ఇంకో కథ ఎదురు పెడతాడు. లూ రాజ్యంలో ఒకడు మూడుసార్లు యుద్ధానికి వెళ్ళి మూడుసార్లూ పారిపోయి వచ్చాడు. ఎందుకని కన్ఫ్యూషియస్ అడిగితే, ఇంట్లో ముసలి తండ్రి ఉన్నాడు, నేను చస్తే చూసేవాడు లేడు అన్నాడు. కన్ఫ్యూషియస్ అతన్ని పితృభక్తుడని మెచ్చుకుని పైకి తెచ్చాడు. ఇక హాన్ ఫే తీర్పు: చూలో మంత్రి ఆ కొడుకుని చంపించాడు, అప్పట్నుంచీ అక్కడ నేరాలు పైవాళ్ళ చెవిన పడటం ఆగిపోయింది. లూలో కన్ఫ్యూషియస్ ఆ పిరికివాణ్ణి సత్కరించాడు, అప్పట్నుంచీ అక్కడి జనం ఇట్టే లొంగిపోవడం, పారిపోవడం మొదలైంది. తండ్రికి మంచి కొడుకైనవాడు రాజుకి ద్రోహి, రాజుకి నికార్సైన పౌరుడైనవాడు తండ్రికి ద్రోహి. రెండూ ఒకే మనిషి దగ్గర కావాలంటే కుదరదు అంటాడు. కన్ఫ్యూషియస్ మీద ఇంత సూటి దెబ్బ ఇంకెవరూ కొట్టలేదని నా అభిప్రాయం. లున్యు ఒక్కటే చదివినవాళ్ళకి ఈ దెబ్బ పడిందని కూడా తెలియదు.

మూడోది ల్యూషి చున్‌చ్యూ. చిన్ రాజ్యంలో మంత్రిగా ఉన్న ల్యూ బువే క్రీ.పూ. 239 ప్రాంతంలో పండితులను కూర్చోబెట్టి రాయించిన పెద్ద గ్రంథం. ఇందులో కథ మలుపు తిరుగుతుంది. కొడుకు ఫిర్యాదు చేశాడు, తండ్రిని పట్టుకున్నారు, చంపబోతున్నారు. అప్పుడు కొడుకు, మా నాన్న బదులు నన్ను చంపండి అన్నాడు. సరేనని తీసుకెళ్తుంటే అధికారితో వాదన మొదలుపెట్టాడు: "తండ్రి దొంగతనాన్ని చెప్పాను, అది నిజాయితీ కాదా? తండ్రి బదులు చావుకి సిద్ధపడ్డాను, అది పితృభక్తి కాదా? నిజాయితీ, భక్తి రెండూ ఉన్నవాణ్ణే చంపితే ఇక ఈ దేశంలో చంపకూడనివాడు ఎవడు?" రాజు విని వదిలేశాడు. కన్ఫ్యూషియస్ ఈ సంగతి విని, ఇదేం నిజాయితీ, ఒక్క తండ్రిని పెట్టుకుని రెండుసార్లు పేరు కొట్టేశాడు అన్నాడట. అలాంటి నిజాయితీ కంటే నిజాయితీ లేకపోవడమే నయం అని ముగింపు. ఇది చదివాక నేను కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను. కోర్టులో అచ్చం ఇలాంటి వాదన విన్నాను, ఇలాంటి తెలివితేటల్ని చూశాను.

నాలుగోది జువాంగ్‌జి పుస్తకంలో దొంగ జి పేరు మీదున్న 29వ అధ్యాయం. ఇక్కడ కథంతా చెప్పరు, ఒక్క ముక్క అనేసి ముందుకు పోతారు: తండ్రి మీద సాక్ష్యం చెప్పిన జి గోంగ్, నీళ్ళలో మునిగి చచ్చిన వెయ్ షెంగ్, ఇద్దరూ నిజాయితీ తెచ్చిన చేటుకి ఉదాహరణలు. వెయ్ షెంగ్ ఎవరంటే, వంతెన కింద కలుస్తానన్న అమ్మాయి రాకపోయినా, ఏటి నీళ్ళు పొంగుతున్నా, మాట ఇచ్చాను కదా అని కదలకుండా స్తంభాన్ని కావలించుకుని చనిపోయినవాడు. ఐదోది హ్వాయ్‌నాన్‌జి. హ్వాయ్‌నాన్ రాజు ల్యూ ఆన్ క్రీ.పూ. 139లో వూ చక్రవర్తికి సమర్పించినది. అందులోనూ ఇదే జంట: గొర్రె దొంగ కొడుకూ, వంతెన కింద మునిగినవాడూ. ఎంత నిక్కచ్చి అయితేనేం, ఎంత నిజాయితీ అయితేనేం, ఇలాంటివాటిని ఎవరు గొప్పగా చూస్తారు అని అడుగుతుంది.

ఒకే సంఘటన మీద ఐదుగురు సాక్షుల వాంగ్మూలాలు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చదివినట్టు ఉంటుంది. ఎవరు ఏది చేర్చారు, ఎవరు ఏది మింగారు, ఎవరికి ఎవరి మీద కోపం, అన్నీ బయటపడతాయి. ప్రాచీన చైనా తత్వం అంటే గడ్డం పెంచిన ఒక పెద్దాయన చెప్పిన నీతివాక్యాలు అనుకునేవాళ్ళు మనలో చాలామంది. కాదు. అది ఒకరి కథని ఇంకొకరు లాక్కుని, తిప్పి, అవతలివాళ్ళ మీదకే విసురుతూ మూడు నాలుగు వందల ఏళ్ళు సాగిన వాదన. ఒక్క పుస్తకాన్ని, ఎంత మంచి అనువాదంలో చదివినా, ఆ వాదనలో ఒక పక్షం మాటే వింటాం. ఈ సైటు అన్ని పక్షాలనూ ఒకేసారి వినిపిస్తుంది. నా సమీక్ష సారం ఇదే.

మా ఆఫీసులో జూనియర్‌గా చేరిన అమ్మాయికి ఈ ఐదూ వరసగా చూపించాను. శ్రద్ధగా చదివి, "అంతా బాగుంది గానీ మేడమ్, గొర్రె పోగొట్టుకున్నవాడి సంగతి ఎవరూ అడగలేదేంటి?" అంది. మళ్ళీ ఐదూ తిరగేశాం. నిజమే, ఒక్కరూ అడగలేదు. కన్ఫ్యూషియస్‌కి తండ్రీకొడుకుల బంధం కావాలి, హాన్ ఫేకి రాజ్యం కావాలి, జువాంగ్‌జి వాళ్ళకి ఏదో ఒక ఆదర్శాన్ని పట్టుకు వేలాడేవాళ్ళ మీద జాలి. గొర్రె యజమాని ఎవరి వాదనకీ అక్కరకు రాలేదు. వేల ఏళ్ళ వ్యాఖ్యానాలు పోగుపడిన పేరా మీద మొన్న మొన్న చేరిన జూనియర్ ఇంత మంచి ప్రశ్న వేసిందంటే, మూలాలు పక్కపక్కన కనబడటమే కారణం.

అక్కడితో ఆగలేదు మేం. ఈ తగాదా చివరికి చట్టంలో ఎలా తేలిందో కూడా సైటులోనే చూశాం. హాన్‌షు, అంటే హాన్ వంశ చరిత్ర, మొత్తం ఇందులో ఉంది. క్రీ.పూ. 66లో షువాన్ చక్రవర్తి శాసనం: తల్లిదండ్రులను దాచిన కొడుక్కి, భర్తను దాచిన భార్యకి, తాతానాయనమ్మలను దాచిన మనవడికి ఇకమీదట శిక్ష లేదు. కొడుకుని దాచిన తల్లిదండ్రుల కేసైతే, మరణశిక్ష పడే నేరమైతే పైన ప్రధాన న్యాయాధికారికి నివేదించాలి. అంటే కన్ఫ్యూషియస్ నెగ్గాడు. తర్వాత క్రీ.శ. 653 నాటి తాంగ్ శిక్షాస్మృతికి వచ్చేసరికి ఇంకా ముందుకు పోయింది. రాజద్రోహం లాంటివి మినహాయిస్తే, తల్లిదండ్రుల మీద ఫిర్యాదు చేసిన కొడుక్కి ఉరి. జి గోంగ్ ఆ కాలంలో పుట్టి ఉంటే బతికేవాడు కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇవన్నీ పోయాయి. కానీ 2012లో చైనా క్రిమినల్ ప్రొసీజర్ చట్టాన్ని సవరించినప్పుడు 188వ అధికరణంలో ఒక మాట చేర్చారు: నిందితుడి భార్యని లేదా భర్తని, తల్లిదండ్రులను, పిల్లలను బలవంతంగా కోర్టుకి రప్పించి సాక్ష్యం చెప్పించకూడదు. మన సంగతి చూడండి. 1872 సాక్ష్య చట్టం 122వ సెక్షన్ భార్యాభర్తల మధ్య మాటలకి మాత్రమే రక్షణ ఇచ్చింది. నేరస్తుడికి ఆశ్రయం ఇవ్వడం గురించిన శిక్షాస్మృతి 212వ సెక్షన్‌లో మినహాయింపు కూడా భార్యకో భర్తకో. కన్నవాళ్ళకీ కడుపున పుట్టినవాళ్ళకీ రెండింటిలోనూ చోటు లేదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలూ దీన్ని మార్చలేదు. పరారీలో ఉన్న కొడుక్కి అర్ధరాత్రి అన్నం పెట్టిన తల్లి మన చట్టం ముందు నేరస్తురాలే కావచ్చు. దీని మీద మన దగ్గర చర్చ జరగాలని నేను బలంగా కోరుకుంటున్నాను. నాకు ఆ ఆలోచన వచ్చింది లున్యు పేరా నుంచే.

కన్ఫ్యూషియస్ తర్వాత ఆ వర్గంలో పెద్ద పేరున్న మెంగ్‌జి కూడా ఈ వరసలోకే వస్తాడు గానీ జి గోంగ్ పేరు ఎత్తడు కాబట్టి వెతుకులాటలో దొరకడు. ఆయన పుస్తకం ఏడో భాగం పూర్వార్ధం 35వ పేరా తెరవండి. శిష్యుడు అడుగుతాడు: పురాణకాలపు ఆదర్శ రాజు షున్ చక్రవర్తిగా ఉండగా ఆయన తండ్రే హత్య చేస్తే న్యాయాధికారి ఏం చేయాలి? పట్టుకోవాలి అంటాడు మెంగ్‌జి. షున్ ఆపడా? ఎలా ఆపుతాడు, ఆ అధికారం న్యాయాధికారికి ఉన్నదే కదా. మరి షున్ ఏం చేస్తాడు? సామ్రాజ్యాన్ని పాత చెప్పులా వదిలేసి, తండ్రిని వీపున వేసుకుని రహస్యంగా పారిపోయి, సముద్రపు ఒడ్డున ఎక్కడో బతుకుతాడు, సంతోషంగా, సామ్రాజ్యం సంగతే మరిచిపోయి. చట్టాన్ని వంచడు, తండ్రిని అప్పగించడు. తన పదవిని మాత్రం వదులుకుంటాడు. అధికారంలో ఉన్న తండ్రులూ కొడుకులూ ఉన్న ప్రతి దేశంలోనూ ఈ పేరా పాఠ్యపుస్తకంలో ఉండాలి.

దావోదేజింగ్ గురించి రెండు మాటలు, దాని మీద ఇప్పటికే ఊరంతా రాశారు కాబట్టి. 81 అధ్యాయాలూ మూలంతో సహా ఉన్నాయి. సైటు ఇచ్చే అదనపు లాభం ఏంటంటే, ఆ పుస్తకానికి మనకు మిగిలిన అతి పాత వ్యాఖ్యానం రాసింది ఏ సన్యాసో కాదు, పైన చెప్పిన కరకు హాన్ ఫే పేరు మీదున్న రెండు అధ్యాయాలు అని పోలికల గుర్తు నొక్కగానే తెలుస్తుంది. తవ్వకాల్లో దొరికిన ప్రతులకు వేరే విభాగం ఉంది: 1973లో మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు ప్రతులు, 1993లో గువోద్యెన్‌లో దొరికిన వెదురు పలకలు. పట్టు ప్రతుల్లో పుస్తకం రెండో సగం ముందు, మొదటి సగం తర్వాత ఉంటుంది.

ఇక లోట్లు. లెగ్ ఇంగ్లీషు విక్టోరియా కాలం నాటిది, వాక్యాలు బారుగా సాగుతాయి, కొన్నిచోట్ల పాదిరీ గొంతు వినబడుతుంది. మనుషుల పేర్లకు ఆయన వాడిన స్పెల్లింగు ఇప్పటి పుస్తకాల్లో స్పెల్లింగుతో కలవదు, దాంతో కొత్తవాళ్ళు ఒకే మనిషిని ఇద్దరనుకునే ప్రమాదం ఉంది. వ్యాఖ్యానాలు ఉన్నా చైనీస్‌లోనే ఉన్నాయి. లున్యు, మెంగ్‌జి సహా నాలుగు ముఖ్య కన్ఫ్యూషియన్ గ్రంథాలకు పన్నెండో శతాబ్దపు పండితుడు జు షీ రాసిన వ్యాఖ్య 1313 నుంచి 1905 దాకా చైనా ప్రభుత్వ పరీక్షలకు ఆధారం. అంత ముఖ్యమైనదాన్ని కూడా ఇంగ్లీషు పాఠకుడు ఇక్కడ అందుకోలేడు. టీకా తాత్పర్యం లేకుండా పద్యం చదివించని మనవాళ్ళకి ఇది బాగా వెలితిగా ఉంటుంది. కన్ఫ్యూషియస్ వరకు ఎడ్వర్డ్ స్లింగర్‌లాండ్ 2003లో చేసిన లున్యు అనువాదం పక్కన పెట్టుకోండి, అందులో ప్రతి పేరా కిందా పాత వ్యాఖ్యాతల మాటలు ఉన్నాయి. సైటు రూపం కూడా పాతదే. పదిహేనేళ్ళ కిందటి వెబ్‌పేజీలా ఉంటుంది, బొమ్మలూ హంగులూ ఏమీ లేవు. నాకు అది అడ్డు అనిపించలేదు.

లైబ్రరీ విభాగాన్ని వేరేగా చూడాలి. పాత అచ్చు పుస్తకాలు, చేతిరాత ప్రతులు స్కాన్ చేసి పెట్టారు. చియెన్‌లోంగ్ చక్రవర్తి 1770లలో పండితులను కూర్చోబెట్టి మూడు వేల నాలుగు వందల పైచిలుకు గ్రంథాలు ఎత్తి రాయించి ఏడు ప్రతులు చేయించిన మహాసంకలనం పేజీలు కూడా ఇందులో ఉన్నాయి. పేజీ బొమ్మ, యంత్రం చదివి ఎక్కించిన అక్షరాలు రెండూ కనబడతాయి. యంత్రం చదివింది కాబట్టి తప్పులు దొర్లుతాయని సైటే హెచ్చరిస్తుంది, ఖాతా ఉన్నవాళ్ళు బొమ్మ చూసి దిద్దవచ్చు. ఈ విభాగంలో దొరికిన వాక్యాన్ని ఎక్కడైనా ఉటంకించే ముందు పేజీ బొమ్మ తప్పక చూడండి. బౌద్ధ గ్రంథాలకైతే తైవాన్ వాళ్ళ సిబెటా అనే వేరే సైటు ఇంతకంటే నిండుగా ఉంటుంది. మన నాగార్జునుడి మూలమధ్యమక కారికలను కుమారజీవుడు 409లో చాంగాన్‌లో చైనీస్‌లోకి తెచ్చిన పాఠం చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

కానీ తెలుగువాళ్ళు వదలకూడనిది ఇక్కడే ఒకటుంది. హుయాన్‌త్సాంగ్ యాత్రా గ్రంథం సి-యు-కి, 646లో పూర్తయింది. పన్నెండు సంపుటాల్లో పదోది తెరిస్తే ఆంధ్ర దేశం వస్తుంది. చుట్టుకొలత మూడు వేల 'లీ'లకు పైగా (లీ అంటే పాత చైనా దూరపు కొలత), రాజధాని చుట్టూ ఇరవై 'లీ'లకు పైగా, నేల సారవంతం, పంటలు సమృద్ధి, వేడి వాతావరణం, మనుషులు ఉగ్ర స్వభావులు. భాష, మాట తీరు మధ్య భారతంతో కలవవు గానీ రాత పద్ధతి చాలావరకు అదే అంటాడు. ఆరామాలు ఇరవై పైన, భిక్షువులు మూడు వేల పైన. ఆ రాజధానిని వేంగి అని పండితులు గుర్తించారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఉన్న ఒంటికొండ గురించీ అక్కడే చెబుతాడు. ఏడో శతాబ్దంలో మన గడ్డ మీద నడిచిన మనిషి మన భాష వేరని చెవితో విని రాసిన వాక్యాన్ని, ఆయన అక్షరాల్లోనే, నిఘంటువు సాయంతో ఒక్కొక్కటీ విప్పుకుంటూ చదువుకోవచ్చు. చైనీస్ ఒక్క ముక్క రానివాళ్ళకి కూడా పట్టు చిక్కుతుంది, ఎందుకంటే వాక్యాలు పొట్టివి, విషయం మనకు తెలిసినది.

వాడే పద్ధతి గురించి ఒక హెచ్చరిక: పుస్తకాలన్నీ ఒక్కసారిగా దించేసుకునే ప్రోగ్రాములు నడపడం ఇక్కడ నిషేధం. ఎక్కువ వాడకం కావలసిన విశ్వవిద్యాలయాలకు చందా పద్ధతి ఉంది. మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు ఆ చందా కడితే బాగుంటుంది, తత్వశాస్త్ర శాఖల్లో ప్రాచ్య దర్శనాల పేపరు ఉన్నచోట మరీను.

తెలుగు ఇందులో లేదు. చైనీస్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, బీజింగ్‌లో, తైపేలో, సింగపూర్‌లో. వాళ్ళకి నా విన్నపం: దావోదేజింగ్ జోలికి ఇంకొకసారి వెళ్ళకండి. హాన్‌ఫేజి 49వ అధ్యాయం తెలుగు చేయండి. గొర్రె దొంగ కొడుకు అందులోనే ఉన్నాడు. పరిగెత్తుకొచ్చి చెట్టు మోడుకి గుద్దుకుని చచ్చిన కుందేలుని చూసి, ఇంకోటి వస్తుందేమోనని నాగలి పారేసి ఆ మోడు దగ్గరే కాపలా కూర్చున్న సోంగ్ రాజ్యపు రైతూ అందులోనే ఉన్నాడు. ఎవరైనా మొదలుపెడితే, న్యాయశాస్త్రం మాటలు వచ్చేచోట సరిచూసి పెట్టడానికి నేను సిద్ధం.